తాండూరు బండల మీద చింతపండు

రాసేటప్పుడు నా మాటల్ని మెత్తగా చేయకు బిడ్డా, చెప్పింది చెప్పినట్టే పెట్టు. చెల్పూర్‌లో ఉండే మీ తాత చెల్లెలి మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

నర్మెట్టలో మన ఇంటి ముందరి గదికి తాండూరు బండలు నేనే ఎంచాను. దుకాణంలో ఒక్కోదాని మీద నీళ్లు చల్లించి, రంగు చూసి పక్కకు తీయించాను. పరిచాక ఊడ్చి, ఉత్త నీళ్లలో పిండిన గుడ్డతో తుడవడమే. ఫినాయిలు కూడా తగలనివ్వలేదు. ఎండాకాలం మధ్యాహ్నం చాప లేకుండా వాటి మీద ఒరిగితే ఎంత చల్లగా ఉంటుందో నీకూ తెలుసు.

ఆమె మాత్రం వచ్చిన ప్రతిసారీ మూతి తిప్పేది.

"ఏంది వదినె, ఇంకా గీ బండలేనా? మా కొడుకింట్ల టైల్స్ జూడు, మొఖం కనబడ్తది."

"నీ మొఖం జూసుడుకు నేను టైల్స్ ఏపియ్యాల్నా?" అన్నాను.

పోయినేడు బతుకమ్మకు వచ్చింది. పండుగకు ముందు ఇత్తడి తాంబాలాలన్నీ దించి చింతపండుతో తోముతాం కదా. ఆ పని పెరట్లో, నీళ్లు పారే చోట చేయాలి. ఆమెకు బయట ఎండట. నేను పూలు తెచ్చేసరికి ముందరి గదిలో ఫ్యాన్ కింద కూర్చుని తోముతోంది. తోమినవన్నీ గుజ్జుతో సహా బండల మీద బోర్లించింది.

ఎత్తి చూస్తే తాంబాలమంత తెల్లటి మచ్చలు, ఐదు! ఎంత తుడిచినా పోలేదు. అది పైన అంటిన మరక కాదు బిడ్డా, పులుపు రాయి నునుపునే తినేసింది.

"గింతదానికి గంత లొల్లి ఏంది వదినె?" అంది. మర్నాడు నేను స్నానానికి పోగానే గడప దగ్గరి మచ్చ మీద బాత్‌రూం కడిగే యాసిడ్ పోసింది. బండ నురగలు కక్కింది. ఆ చోటు గరుకు తేలి గుంటపడింది.

మీ నాయనకు ఇదే అదను.

"అవ్వా, అన్ని ఖరాబైనయ్. పీకేసి టైల్స్ ఏపిస్తా."

ఆమె వెనక నిలబడి తల ఊపింది. రెండో రోజే మేస్త్రి గడ్డపారతో దిగాడు. నేను గది మధ్యలో చతికిలబడ్డాను.

"జర లే అవ్వా," అన్నాడు మేస్త్రి.

"మొదలు నన్ను పీకు బిడ్డా, అటెన్క బండలు పీకు."

అతను నవ్వి, వంగి, ఒక మచ్చను గోటితో గీకి చూశాడు. మీ నాయనతో అన్నాడు: "గివి పీకుడెందుకన్నా? మిషన్ పెట్టి పాలిష్ కొడితే మచ్చలు పోతయ్. గడప కాడిది ఒక్కటే లోతుకు తిన్నది, గా బండ మార్చాలె."

"పాలిష్ కొట్టినా రాయి రాయే గదా," అని ఆమె గొణిగింది.

"నీ నోటికి గూడ కొట్టిపిద్దామా?" అన్నాను. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

పాలిష్‌తో ఇల్లంతా బూడిదరంగు బురద అయింది కానీ, నాలుగు మచ్చలు పోయాయి. గడప దగ్గరి బండను మాత్రం నేను మార్చనివ్వలేదు. ఆమె వస్తే కుర్చీ అక్కడే వేస్తాను. అరికాళ్లకు ఆ గరుకు తగలాలి. రాశావా? ఆమెకు కూడా చదివి వినిపించు.