లైట్ కనబడగానే లేపు

నాలుగోసారి ఫోన్ తీసి, అమ్మ నంబరు చూసి, మళ్ళీ బ్యాగులో పడేశాను. లైట్‌హౌస్ చూసి తిరిగొస్తున్న టూర్ బస్సు అది.

"ఆ ఫోను అరిగిపోద్దమ్మాయ్," అన్నారు పక్క సీటులోని ఆంటీ. సిడ్నీలోనే, టూంగాబీ అనే పేటలో ఉంటారట. పేరు అడగలేదు.

నాకు నోరాగదు కదా, చెప్పేశాను. "యూనిలో రెండు సబ్జెక్టులు పోయాయాంటీ. అమ్మేమో నా గ్రాడ్యుయేషన్‌కని టికెట్ తీసేసుకుంటోంది. పొద్దున్నే చెబుదామంటే అక్కడ ఇండియాలో ఇంకా రాత్రే, నిద్రలో ఉంటుంది. పాపం, లేపడమెందుకని..."

ఆంటీ కిటికీలోంచి కింద రాళ్ళు చూపించారు. "పాతకాలం స్టీమరు ముక్కలైందక్కడే. బోర్డు చదవలా? లైట్ కనబడగానే లేపమని కెప్టెన్ పడుకున్నాడంట. చిన్న ఆఫీసరుకి లైట్ కనబడింది. పాపం, పడుకున్నాడు కదా, ఇంకాస్త దగ్గరికెళ్ళాక లేపుదాంలే అనుకున్నాడు."

నా చేతిలో రెండు జంతికలు పెట్టి, "నా స్టాపు రాగానే లేపమ్మాయ్," అని కళ్ళు మూసుకున్నారు.

నాకు కుదురు లేదు. స్టాపుకి చాలాముందే లేపేశాను. ఆవిడ నవ్వారు.

మర్నాడు పొద్దున ఏడింటికి, అక్కడింకా తెల్లారకముందే, ఫోన్ చేసి అమ్మని నిద్ర లేపాను.