అయివారి తోపులో ఎవరి చెట్టు ఏది

పాకాలకు ఈవల, మా ఊరి వంక దాటితే ఎర్రనేలలో ఒక మామిడి తోపు ఉంది. ఊరంతా దాన్ని అయివారి తోపు అంటారు. ఆ అయివారు మా తాత. మా ఊరి పిల్లలకు మొట్టమొదట పలక పట్టించింది ఆయనే. ఆయనకు ముందు సంతకం అంటే అందరూ బొటనవేలే చాచేవాళ్ళని మా అవ్వ చెప్పేది. తెల్లవారుజామున మడక దున్ని, కాళ్ళు కడుక్కొని, అదే పంచెతో బడికి పోయేవాడట. బడి అంటే వంక అవతల బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, అంతే.

ఈ వేసవిలో మా తమ్ముడు ఆ తోపు కొట్టించాలనుకున్నాడు. నేల మా ఇద్దరి పేరా ఉంది కాబట్టి నా మాట అడిగాడు. ఏం చెప్పాలో తెలియక పదిహేను రోజులు గడిపాను.

"గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు ఈ నాటుకాయల్ని లారీలోంచి కిందికి కూడా దించనియ్యరక్కా" అన్నాడు వంటింటి గడపలో కూర్చుని. "ఒక చెట్టుకాయ పులుపు, ఒక చెట్టుకాయ పీచు, ఇంకోదానికి కిరసనాయిలు వాసన. అన్నీ కొట్టేసి బెంగుళూరా అంట్లు పెడితే నాలుగేండ్లకి కాపుకొస్తాది."

"తాత పెంచిన చెట్లు గదరా."

"తాత పెంచినాడు, నాయన నీళ్ళు కట్టినాడు, నేను నష్టపోతా ఉండా. నువ్వు సరే అంటేనే రంపం మిషనాయనకి చెప్తా. వద్దంటే వద్దు."

వాడు మంచివాడు. నన్ను అడగకుండా ఒక కొమ్మ కూడా కొట్టడు. అలాంటి తమ్ముణ్ణి ఇచ్చినందుకు దీపం పెట్టిన ప్రతిసారీ స్వామికి చెప్పుకుంటాను. అందుకే వాడికి వద్దని చెప్పడం నాకంత కష్టమైంది. సరే అనడానికి కూడా నోరు రాలేదు.

నేను బడికి పోలేదు. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడింది. వంక దాటలేను. అందుకని తాతే నాకు ఇంట్లో చదువు చెప్పాడు. బడి వదిలాక, పశువులకు మేత వేశాక, పొద్దు వాలేలోగా తిన్నె మీద కూర్చోబెట్టేవాడు. చాటలో రాగిపిండి పలుచగా పరిచి వేలితో అక్షరాలు దిద్దించేవాడు. తప్పు రాస్తే తిట్టేవాడు కాదు. చాటను ఒకసారి అటూ ఇటూ కుదిపేవాడు, తప్పు మాయమైపోయేది. ఆ పిండితోనే మరునాడు అవ్వ సంగటి చేసేది. ఈ రోజు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ చాట పుణ్యమే. ఆ రుణం ఎట్లా తీరుతుందో నాకు తెలియదు.

కాయల కాలంలో నన్ను ఎద్దులబండిలో తీసుకుపోయి తోపులో మంచం మీద కూర్చోబెట్టేవాళ్ళు. వేరే పని చేయలేను గనక కాపలా నా పని. తొమ్మిదేళ్ళప్పుడనుకుంటా, చంకలో పసిబిడ్డతో ఒకామె వచ్చింది. అటూ ఇటూ చూడకుండా నేరుగా ఒక చెట్టు దగ్గరికి పోయి, కాయలు కోసి ఒడిలో వేసుకుంది. నేను గట్టిగా అరుస్తూ కుక్కను ఉసిగొల్పి, మట్టిబెడ్డలు విసిరాను. ఆమె నవ్వింది. "అయివారి మనవరాలివా? గొంతు బాగుండాది" అని నిమ్మళంగా వెళ్ళిపోయింది.

సాయంత్రం తాతకు చెప్పాను. నాయన కూడా అక్కడే కొడవలి నూరుతున్నాడు.

"ఎన్ని కోసుకుండాది?" అన్నాడు తాత.

"ఒడినిండా."

"సరిపోతాయిలే" అని ఎద్దుల్ని విప్పడానికి లేచాడు. అంతే. దొంగను పట్టిచ్చిన నాకు మెప్పు లేదు, దొంగకు తిట్టు లేదు. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తోపు కొడతారన్న మాట ఎట్లా పాకిందో గాని, ఒక శనివారం ఆటో దిగి ఒక ముసలామె మా ఇంటికి వచ్చింది. నవ్వు చూసి గుర్తుపట్టాను. ఆమే.

"ఏమ్మే, అయివారి తోపు కొట్టేస్తా ఉండారంటనే?"

"ఇంకా తేల్చుకోలేదు పెద్దమ్మా. కూర్చో, మజ్జిగ తాగు."

"మజ్జిగకేం తొందర. నా చెట్టు మాత్రం ముట్టుకోబాకండి."

"నీ చెట్టేంది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మీ తాత నీకు చెప్పలేదా?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ నాయనకు సెంటు భూమి లేదు. కూతుర్ని మేకలకు పంపేవాడు గాని బడికి పంపేవాడు కాదు. తాత వాళ్ళ వాకిట్లోకి వచ్చి, యాడైనా తిన్న మామిడికాయ టెంక ఒకటి తెమ్మన్నాడట. తన చేలో నాటించి, ఈ చెట్టు కాసినన్నాళ్ళు కాయ నీ కూతురిదే, రోజూ బడికి వస్తా వస్తా వంకలోంచి ఒక ముంత నీళ్ళు పాదులో పోయాలి అన్నాడట. ఊళ్ళో అట్లా ఎన్ని ఇళ్ళకు పోయాడో, అన్ని టెంకలు.

"పొద్దున పాదులు తిరిగి చూసేటోడు. ఎవురి పాదు ఎండిపోయుంటే వాళ్ళింటి ముందర పోయి నిలబడేటోడు. ఇంక పేర్లు పిలిచే పనే లేదు."

"మరి మేకలో?"

"వాటిని గూడా తోలుకొని పోయినాను. మొలక వచ్చిందో లేదో, మేసేసినాయి. మీ తాత మళ్ళా టెంక తెమ్మన్నాడు." ఆమె పడీపడీ నవ్వింది.

నేనూ నవ్వాను. తర్వాత ఎన్నడూ ఎవరినీ అడగనిది అడిగేశాను. "మరి నా చేత ఎందుకు నాటించలేదు పెద్దమ్మా?"

"నీకెందుకే చెట్టు? బడికి రానోళ్ళని రప్పించేదానికి గదా అది. నువ్వు యాడికి పోతావు, ఇంట్లోనే దొరికితివి!"

సంతోషపడాలో నొచ్చుకోవాలో తెలియలేదు. మజ్జిగ తేవడానికని లోపలికి పోయి, స్వామి పటం ముందర నిలబడ్డాను. ఆ తోపు కాపు మాదేనని నాయన ఏటా అమ్మేవాడు. మా బట్టలు, నా కాలికి మందులు అందులోంచే వచ్చాయి. అది ఇంకొకరి సొమ్మా? తాత మాట ఇచ్చి ఉంటే కొడుక్కి ఎందుకు చెప్పలేదు? చెప్పినా నాయన వినలేదా? కాగితం లేదు. అడగడానికి ఇద్దరూ లేరు.

తమ్ముడు విని తల పట్టుకున్నాడు. "అట్లయితే కాయ ఆమెది, నష్టం నాదా?" అన్నా, వాడే ఆటో పిలిచాడు. ముగ్గురం తోపుకు పోయాం.

ముసలామెకు చూపు సరిగా ఆనదు. మొదళ్ళు తడుముతూ, ఆకు నలిపి వాసన చూస్తూ నడిచింది. తూర్పు వరసలో ఒక చెట్టు దగ్గర ఆగి అరచెయ్యి ఆనించింది.

"ఇదే. కాయ పులుపుగా ఉంటాది. తొడిమ కాడ మాత్రం తీపి."

తమ్ముడు నా వైపు చూశాడు. అది నాయన పెట్టిన రుమాని రకం అంటు. నాకు పదేళ్ళప్పుడు, ఆయన మన్ను తోస్తుంటే మొక్క వాలకుండా పట్టుకున్నది నేనే. అంటు కట్టిన బుడిపె మోకాలెత్తున ఇంకా ఉంది; టెంక నాటిన చెట్టుకు అది ఉండదు.

ఆనాడు ఆమె కోసిన చెట్టు ఏదో గుర్తు తెచ్చుకోవాలని ఎంతో చూశాను. కుక్క గుర్తుంది, మట్టిబెడ్డ గుర్తుంది. చెట్టు గుర్తు లేదు. ఆమె చెట్టు చచ్చిపోతే ఆ గుంతలోనే నాయన అంటు పెట్టాడా? నేను చెప్పిన చాడీ విని ఆయనే దాన్ని తీయించాడా? లేక ఇంత వయసులో ఆమే తికమకపడుతోందా? ఒక్కొక్కటీ నిజమేననిపించింది.

తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "ఆమెకేం గుర్తు లేదక్కా. ఇది నాయన పెట్టిందని నీకు తెల్సు గదా. సరే అనెయ్."

"ఇది కాకపోతే ఆమెది ఏదిరా?"

"నాకేం తెల్సు?"

"నాకూ తెలీదు. ఏది ఎవురిదో తెలీనప్పుడు, దేన్ని కొట్టమని చెప్పేది?"

"నువ్వూ తాత మాదిరే. ఒక్క మాటా అర్థం కాదు" అని వాడు ఫోన్ తీసి, రంపం మిషనాయనకు రావద్దని చెప్పాడు. కోపంగానే చెప్పాడు. తర్వాత చిక్కం కట్టిన గడ తెచ్చి, ఆ రుమాని కాయలు దించి ఆమె ఒడిలో వేశాడు. ఒడి నిండేదాకా వేశాడు. ఏడాది తర్వాత మళ్ళీ అడుగుతాడేమో, అప్పుడు ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పూటకు మాత్రం వాడికీ స్వామికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

ముసలామె ఒక దోరకాయ చెంగుకు తుడుచుకొని, ఉన్న నాలుగు పళ్ళతో కొరికింది. కాసేపు నమిలింది.

"పులుపు తగ్గిపోయిందేమ్మే" అంది. "మీ నాయన ఏం ఎరువేసినాడు?"