రెండో గుణకం

మండపేటలో మా తాతగారి రైసుమిల్లు చేతులు మారాక మాకు మిగిలింది ఇంటిపేరూ, నిటారుగా నిలబడే అలవాటూ. ఆ అలవాటు గురించి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, ఇవ్వను.

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ని. పీహెచ్‌డీ చేతికొస్తే ఉద్యోగం పర్మనెంటవుతుంది. నా పరిశోధన హీలియం మీద. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ పరమాణువును తాకి, అందులోని ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి తోసేస్తుంది. అలా బయటపడ్డది ఏ దిక్కుకు ఎంత తరచుగా పోతుందో లెక్కగట్టి చెప్పాలి. నాకు ప్రయోగశాల లేదు. ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసులు మొదలయ్యేలోపు ఒక మిషను ఇచ్చేవారు. గ్రాఫు గీత మీద ఒక్క బిందువు రావడానికి గంట పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే.

చివరికి గీతలో రెండు గుట్టలు తేలాయి. ముందువైపు పెద్దది. వెనకవైపు చిన్నది, కేంద్రకం వెనక్కి మళ్ళించిన ఎలక్ట్రాన్లది. విదేశాల్లో ప్రయోగం చేసినవాళ్ళు ప్రచురించిన కొలతల చుక్కల్లో మాత్రం, ముందు గుట్టలు రెండూ కలిసేలా పెట్టి చూస్తే, వెనక గుట్ట నాదానికి రెట్టింపు ఎత్తుంది. వాళ్ళు కొలిచింది ఆకారమే కనక, చుక్కలన్నిటినీ ఒక సంఖ్యతో గుణించి గీతతో పోల్చుకోవడం మా రంగంలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. అన్నిటికీ ఒకే సంఖ్య.

మా గైడుగారు ప్రింటవుట్ చూసి, "వెనక గుట్టని ఇంకో నంబరుతో గుణించెయ్యవయ్యా, చక్కగా కూర్చుంటుంది" అన్నారు.

"అలా రెండో గుణకం పెట్టకూడదండి."

"ఏం, మీ మిల్లులో కొనడానికో కాటా, అమ్మడానికో కాటా ఉండేవంట కదా! నీకు కొత్తేంటి?"

గదిలో ఉన్న మరో లెక్చరర్ పకపకా నవ్వాడు.

"మా మిల్లులో ఒకటే కాటా అండి. రెండుంటే మిల్లు ఇంకా మాదే అయ్యుండేది."

నవ్వు ఆగింది. "పౌరుషానికేం తక్కువ లేదు. తిప్పి పంపితే మాత్రం నా దగ్గర ఏడవకు" అంటూ ఆయన థీసిస్ మీద సంతకం పెట్టారు.

వైవాకి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ గుట్ట మీదే వేలు పెట్టారు. "ఇక్కడ కలవలేదేంటండి?"

"కలవదండి. వచ్చిన ఎలక్ట్రాన్ పరమాణువుతో ఒక్కసారే తలపడుతుందనుకుని లెక్క చేశాను. రెండోసారి తలపడడం కూడా చేర్చాలి."

"మరి చేర్చలేదే?"

"ఆ మిషను మీద నా చేత కాలేదండి."

ఆ అధ్యాయం మళ్ళీ చేసి తెమ్మని రాసి వెళ్ళారాయన. ఆ ఏడు పర్మనెంటు పోస్టు పకపకా నవ్విన లెక్చరర్‌కి వెళ్ళింది. దారిలో ఎదురైతే నేను తల దించుకోలేదు. అతనే పక్కకి చూసేవాడు.

ఇంకో రెండేళ్ళు పట్టింది. రెండో తాకిడి చేర్చాక వెనక గుట్ట పైకి లేచింది కాని, చుక్కల దాకా చేరలేదు. ఎంత వచ్చిందో అంతే అచ్చు వేయించి గైడుగారి ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇప్పుడూ పూర్తిగా కలవలేదుగా!"

"లేదండి. సంతకం పెట్టండి" అన్నాను.