పుట్టుకతోనే మెతక

ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో సంతకు ఆవును తోలుకొస్తే దాని టెంపరమెంట్ చెప్పి తీరాలి. అంటే పుట్టుకతో వచ్చిన గుణం. ఆ మాట అక్కడి మగవాళ్లు పశువులకే కాదు, పెళ్లాలకీ వాడతారు.

ఐజాక్ తన తొలిచూలు ఆవును అమ్మకానికి పెట్టాడు. దాని పలుపు అతని భార్య హెటీ చేతిలో ఉంది.

"తన్నుతుందేమిటయ్యా?" అనడిగాడు కొనడానికొచ్చిన ముసలి రైతు.

"దీని టెంపరమెంటే మెతకండీ. మా ఆవిడలాగే. ఆవిడకీ పుట్టుకతోనే నోట్లో నాలుక లేదు" అన్నాడు ఐజాక్. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

చలికాలమంతా ఆ ఆవు పొదుగు దగ్గర కూర్చుని తన్నులు తిన్నది హెటీ. మేజోళ్ల కింద ఆమె కాళ్లు ఇంకా కమిలిపోయే ఉన్నాయి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదామెకు. పలుపు ముసలాయన చేతిలో పెట్టింది.

"మెతకా పాడా! మొదట్లో ఇదీ తన్నేది బాబాయ్, నేనూ ఎదురు తిరిగేదాన్ని. దీన్ని మచ్చిక చేసింది నేను. నన్ను మచ్చిక చేసిందెవరో, ఎలా చేశారో ఆయన్నే అడుగు."