రెండోసారి తీసిన కార్డు

మొన్న మెట్రోలో మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ వెళ్తుంటే, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా కిటికీ కింద అరనిమిషంలో దాటిపోయింది. ఒకప్పుడు ఆ చౌరస్తా దాటడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా నాన్న గుంటూరు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక టీ గ్లాసు పట్టుకుని, నల్గొండ వైపు నుంచి వచ్చిన సంఘ పెద్దాయనతో వాదనకు దిగేవారు. దేవుడు ముందే నిర్ణయించనిది ఏదీ జరగదని నాన్న. "గట్లైతే తప్పు చేసినోణ్ణి శిక్షించుడెందుకు సార్? మనిషికి ఇష్టమనేది ఇచ్చిండు గదా" అని పెద్దాయన. టీ చల్లారేది, వాదన చల్లారేది కాదు. తెలంగాణ మాట వస్తే మాత్రం ఇద్దరూ పక్షాలు మార్చేసేవారు. "రాష్ట్రం వచ్చుడు దేవుడు రాసిపెట్టిండు" అని పెద్దాయన, అదంతా మనుషుల పట్టుదలేనని నాన్న. ఎవరి దేవుడు వాళ్ళకు అనుకూలమేనని నేను నవ్వుకునేదాన్ని.

మా ఇంట్లో వాగ్దానాల పెట్టె ఉండేది. చిన్న చిన్న కార్డుల మీద బైబిలు వాక్యాలు. ఊరికి వెళ్ళాలన్నా, బోరు వేయించాలన్నా ప్రార్థన చేసి ఒక కార్డు తీయాల్సిందే. అమ్మ పోయాక తీసే పని నాది. ఒక తెలంగాణ బంద్ రోజు పొద్దుటి నుంచి నాన్నకు గుండెల్లో మంట. సంగతి తెలిసి పెద్దాయన స్కూటరేసుకుని వచ్చారు. "దవాఖానకు పోదాం, లేవండి సార్. నా బండి ఎవ్వరాపరు." చౌరస్తాలో రాళ్ళు పడుతున్నాయని టీవీలో చూపిస్తున్నారు. మా యాస విని నాన్నను ఏమన్నా చేస్తారేమోనని నా భయం. "కార్డు తీయమ్మా, దేవుడేమంటాడో చూద్దాం" అన్నారు నాన్న. తీశాను. లేచి బయలుదేరమని ఉంది. ఇద్దరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. దాన్ని లోపలికి తోసేసి ఇంకొకటి తీశాను. నెమ్మదిగా కనిపెట్టుకుని, దేవుని కోసం ఎదురుచూడమని ఉంది. అదే పైకి చదివాను. "విన్నారుగా బ్రదరుగారూ" అని నాన్న వాదనలో గెలిచినట్టు నవ్వారు. పెద్దాయన ఎంత బతిమాలినా నాన్న కదల్లేదు. మధ్యాహ్నం మూడింటికి పోయారు.

సమాధి దగ్గర పెద్దాయన, అన్నేళ్ళూ మనిషి ఇష్టం వైపే వాదించిన మనిషి, నా తల మీద చెయ్యి పెట్టి "దేవుని చిత్తం, బిడ్డా. నువ్వేం జేస్తవ్" అన్నారు. నా కోసం ఓడిపోయారు. చేసింది నేనేనని, ఆయన మాటే నిజమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. అలా ఎన్నో ఆదివారాలు వచ్చాయి, రాష్ట్రమూ వచ్చింది, కిందటేడు పెద్దాయన కూడా పోయారు. దేవుడు ముందుగా ఏం నిర్ణయించాడో నాకు తెలియదు కానీ, ఆ ఆదివారాలన్నీ మాత్రం నా ఇష్టానికే వదిలేశాడు.