కొండ దిగిన ఇరవై నాలుగో మనిషి

2004 ఏప్రిల్ 15, గురువారం. సౌదీలో అసీర్ కొండల మీది జాతీయ పార్కులో, సాయంత్రం 5.20కి, మా బస్సు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టాను. నాతో కలిపి ఇరవై మూడు. నా చేతిలోని కాగితంలోనూ ఇరవై మూడే. బయలుదేరమని డ్రైవరుకు చెప్పాను. ఇన్నేళ్లలో లెక్క సరిపోయి కూడా నేను తప్పు చేసింది ఆ ఒక్కసారే.

అప్పటికి ఆ కొండల్లోని అభా పట్నంలో నర్సుగా నాకు పదకొండో ఏడు. హాస్టల్ నుంచి ఆడవాళ్లం బయటికి వెళ్లాలంటే పేర్లు, ఇఖామా అనే నివాస అనుమతి కార్డు నంబర్లు రాసిన కాగితం మీద ఆస్పత్రి ముద్ర పడాలి. వెళ్లేవాళ్లలో పెద్దామె సంతకం పెట్టాలి. దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆ కాగితం చూస్తాడు. ఆ ఏడు పెద్దామెను నేనే. అందుకే ఆ రోజు కొండను చూసింది తక్కువ, వాచీని చూసింది ఎక్కువ. 4.10కి మంచు కమ్మింది. అంతవరకు కాళ్ల కింద వేల అడుగుల లోతు కనిపించిన చోట తెల్లటి గోడ లేచింది. భుజాల నిండా నెరిసిన జుట్టున్న మగ కోతులు పిట్టగోడ మీద వరుసగా కూర్చుని మా సంచుల వైపు చూస్తున్నాయి. కొత్త నర్సు పిల్లలు ఫొటోలు దిగుతూ నవ్వుతుంటే, ఎవరు అంచుకు ఎంత దగ్గరగా ఉన్నారో చూసుకుంటూ నేను అటూ ఇటూ తిరిగాను.

మామూలుగా బస్సెక్కాక పేర్లు పిలుస్తాను. ఆ రోజు చలికి అందరూ కళ్లు మాత్రం వదిలి మొహాలు చుట్టేసుకున్నారు, డ్రైవరు చీకటి పడకముందే మలుపులు దాటాలని తొందరపెట్టాడు. పేర్లు పిలవలేదు. నల్ల బురఖాలను లెక్కపెట్టాను.

ఆరు కిలోమీటర్లు దిగాక, గోదావరి జిల్లా పిల్ల ఒకతె కమలాలు వలిచి పంచుతూ వెనక సీటు దాకా వెళ్లింది.

"ఏవండీ, మొహం మీద గుడ్డ తీస్తేనే కదా తినేది" అంది.

ఆమె గుడ్డ తీసింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మాలో ఎవరికీ తెలిసిన మొహం కాదు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"మీరు తెలుగు మాట్లాడేది ఇని ఎక్కినా అక్కా. మాది కడప పక్క. ఇంటి పనికి వస్తి. రెండేండ్లని చెప్పిరి, నాలుగేండ్లాయ. ఇంటికి పోను ఎగ్జిట్ అడిగితే రేపంటారు, మళ్లా రేపంటారు. పాస్‌పోర్ట్ వాళ్లకాడనే ఉంది. వాళ్లు పైన్నే ఉండారు, ఈ కొండ దింపితే సాలు. అభా పక్కన ఖమీస్ టౌన్లో మా ఊరామె ఉంది."

ఆమె మాట ముగిసేలోగా నా బుర్రలో తీసివేత అయిపోయింది. ఇరవై మూడులో ఒకరు పరాయి మనిషైతే మావాళ్లు ఇరవై ఇద్దరే. అప్పుడు పేర్లు పిలిచాను. పంతొమ్మిదో పేరుకు ఎవరూ పలకలేదు. తెనాలి వైపు పిల్ల, వచ్చి రెండు నెలలు.

బస్సు తిప్పమన్నాను. "బాజీ, ఇక్కడ తిరగదు" అన్నాడు పాకిస్తానీ డ్రైవరు ఉర్దూలో. తిరిగేదాకా నేను కూర్చోనన్నాను. తర్వాతి మలుపులో వెనక చక్రం అంచు దాకా తెచ్చి తిప్పాడు. 5.41.

కడప మనిషికి అర్థమైంది. లేచి నిలబడింది. "మళ్లా ఆడికేనా అక్కా?"

"మా పిల్ల ఒకతె అక్కడ ఉండిపోయింది."

"అట్లయితే నన్ను ఈడ్నే దింపండి."

"ఈ మంచులో ఎక్కడికి పోతావు?"

"యాడికో పోతా. ఆడికి మాత్రం పోను."

"దాచేద్దాం అక్కా" అంది కమలాల పిల్ల. "ఇన్ని నల్లబట్టల్లో ఎవరికి తెలుస్తుంది?"

"తెలిస్తే మనందరికీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు" అంది ఆమె ముందు సీటులోని బందరు సిస్టర్. "నీకేం, వచ్చి ఆర్నెల్లు. నా ఇల్లు ఇంకా గోడల దగ్గరే ఆగింది. నువ్వొచ్చి స్లాబ్ వేయిస్తావా?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఆమెను దింపమని మాత్రం నేను అనలేదు. డ్రైవరును పైకి పోనిమ్మన్నాను.

పైకి చేరేసరికి 5.58. తెనాలి పిల్ల కాపలావాడి గది పక్కన, చిరిగిన బ్యాగు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"కోతి లాక్కుపోయిందక్కా. ఇఖామా కాపీ అందులోనే ఉంది. అది లేకుండా వస్తే మీరు ఊరుకోరని వెనకే పరిగెత్తాను. మీ గొంతు వినబడుతూనే ఉంది. పేరు పిలుస్తారు కదా, అప్పుడు పలుకుదామనుకున్నాను."

ఎక్కమన్నాను.

తలుపు మూసేలోగా కాళ్లదాకా దిగే తెల్లటి తోబ్ మీద కోటు వేసుకున్న ఒకాయన టార్చితో వచ్చాడు. తమ ఇంటి పనిమనిషి కనబడిందా అని డ్రైవరును అరబ్బీలో అడిగాడు. డ్రైవరు అద్దంలో నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఆస్పత్రి సిస్టర్లు" అన్నాడు డ్రైవరు. ఆయన వెంటనే చూపు దించుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆడవాళ్ల బస్సులోకి పరాయి మగవాడు తొంగిచూడడు. ఆయన కారులోంచి ఒక చిన్నపిల్ల ఏడుపు వినబడుతోంది.

"చిన్నది ఏడుస్తాంది" అంది కడప మనిషి, సీటు కమ్మీ పట్టుకుని. "అది నా సేతిలోనే పెరిగింది." లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. బస్సు కదిలేదాకా ఆ కమ్మీ వదల్లేదు.

చెక్‌పోస్టు దగ్గర పోలీసు కుర్రాడు కాగితం తీసుకుని, కింద నుంచే అరబ్బీలో అడిగాడు. "ఇరవై మూడు?"

బస్సులో ఇరవై నలుగురం. "ఐవా" అన్నాను. అవునని. మందు మోతాదులో చుక్క తేడా వస్తే పిల్లల్ని నిలబెట్టి కడిగేసేదాన్ని నేను. ముద్ర పడిన కాగితం చేతిలో పెట్టి తప్పు లెక్క చెప్పాను. అతను ఎక్కి చూడలేదు. కాగితం తిరిగిచ్చాడు.

అభాలో ఖమీస్ వ్యాన్లు ఆగే చోట బస్సు ఆపించాను. ఆమె దిగబోతూ ఆగింది.

"ఈ ఒక్క పూట మీకాడ ఉండనిస్తారా అక్కా? తెల్లారినాక పోతా."

"కుదరదమ్మా. గేటు దగ్గర వార్డెన్ పేరుపేరునా చూస్తుంది" అన్నాను.

అది నిజమే. కానీ వార్డెన్ మలయాళీ మనిషి, తొమ్మిదేళ్లుగా నాతో కలిసి టీ తాగేది. అడిగితే ఏమనేదో ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు గనక. నా గదిలో రెండో మంచం ఫిబ్రవరి నుంచి ఖాళీగానే ఉంది.

హాస్టల్ ఫోను నంబరు రాసిచ్చాను. కమలాల పిల్ల తన శాలువా ఆమె భుజాల మీద కప్పింది. 6.52కి దిగింది. వ్యాన్ల మధ్యకు వెళ్లేదాకా కనిపించింది. ఏ వ్యాను ఎక్కిందో, అసలు ఎక్కిందో లేదో, నేను చూడలేదు. మా గేటు ఏడింటికి మూస్తారు. బస్సు పోనిమ్మన్నాను.

ఆమె అడిగింది కొండ దింపమని. దింపాను. అంతకు మించి అడిగినప్పుడు గేటు అడ్డం పెట్టుకున్నాను. హాస్టల్ ఫోను వరండాలో ఉండేది. 2009 జూన్‌లో ఆ ఊరు వదిలేదాకా, అది మోగిన ప్రతిసారీ అందరికంటే ముందు నేనే లేచి వెళ్లేదాన్ని.