పంతులు వేషం

గొర్లకాపరుల ఇంట్ల పుట్టిన మా అన్న సాయన్న, పందొమ్మిది వందల యాభై ఎనిమిదిల వికారాబాద్‌ల పంతుళ్ల ట్రైనింగు చేసిండు. మనసంత మాత్రం నాటకాల మీదనే. హైదరాబాద్‌ల యూనివర్సిటీ నాటకాల కోర్సు పెట్టిందని విని, సెలవియ్యుమని తను పనిజేసే తాండూరు బడి పెద్దసారును అడిగిండు.

"నువ్వు పోతే చిన్నపిల్లలకు ఎవరు జెప్తరు సాయన్నా? పాఠాన్ని ఆట లెక్క చెప్పేటోనివి నువ్వొక్కనివే," అన్నడు పెద్దసారు. ఏటేటా అదే మాట. మెచ్చుకుంట మెడకు పలుపు గట్టుడంటే గిదే! నాకైతే ఒళ్లు మండేది. అన్న నవ్వి, మళ్ల పిల్లల కాడికి పోయేటోడు.

ఒకనాడు అన్నకు బువ్వ తీస్కపోయిన. పిల్లలతోని వేషాలేయిస్తున్నడు.

"పంతులు వేషం ఎవరేస్తరు?"

బాలమణి అనే పిల్ల లేచింది. బెత్తం పట్టి, గొంతు సవరించి, ఎక్కం మొదలువెట్టింది. మధ్యలనే నోటితోని రైలు కూత కూసింది. ఎక్కం ఆపి కిటికీ కాడికి పోయింది. హైదరాబాద్ రైలు కనుమరుగయ్యేదాక చూస్తున్నట్టు గట్లనే నిలవడ్డది.

"అచ్చం మా సారే!" అని పిల్లలంత చప్పట్లు గొట్టిన్రు.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నడు అన్న. పోయి, ఆ కిటికీ మూసిండు.